పెట్టె మీద పొట్టి లింకు

నా బావమరిది ఏటా తన మామిడి తోటను పూత మీదే వ్యాపారికి ఇచ్చేసేవాడు. ఈ ఏడు ఇవ్వలేదు. పెట్టెల్లో పెట్టి నేరుగా ఇళ్లకే అమ్ముతానన్నాడు. తొలికోత పళ్లు అయినవాళ్లకు ఊరికే పంపడం మా నూజివీడు వైపు అలవాటు. అందుకోసం అందరి అడ్రసులూ అడుగుతూ ఫోన్లో ఒక ఫారం పంపాడు. మాకూ పంపాడు.

"వారానికి నాలుగుసార్లు మనింట్లో తినేవాడికి మన ఇల్లెక్కడో తెలీదంటండీ!" అంది మా ఆవిడ.

తర్వాత ఆర్డర్లకూ అదే పనికొస్తుందని ఆ ఫారం లింకునే పెట్టెల మీద అచ్చు వేయించబోయాడు. అది పెట్టెకు ఈ చివర నుంచి ఆ చివరకు పాకినా అయిపోలేదట. హనుమాన్ జంక్షన్‌లో అట్టపెట్టెలు అచ్చువేసే అతను పొట్టి లింకు చేయించుకోమన్నాడు. అందులో మహిమేమీ లేదు. మనం నొక్కగానే ముందు ఆ పొట్టి పేరు ఇచ్చిన కంపెనీకి వెళతాం. వాళ్లు తమ దగ్గర రాసిపెట్టుకున్న అసలు చిరునామాకు మనల్ని తోసేస్తారు. తోస్తూ ఎంతమంది వచ్చారో లెక్కపెట్టుకుంటారు. కంపెనీ మూతపడితే పెట్టె మీద అచ్చు మిగులుతుంది, అంతే. పెట్టె మీద, గోడ మీద, జనం చూసి చేత్తో కొట్టుకోవలసిన చోట అది పనికొస్తుంది. వాట్సాప్‌లో వేలితో నొక్కేదానికి పొడుగైతే ఎవరికి నొప్పి? పైగా పొట్టిది ఎక్కడికి తీసుకెళుతుందో కనపడదు. అయినా మా బంధువుల గ్రూపులో సత్యనారాయణ వ్రతం పిలుపుకు కూడా పొట్టి లింకే. అందరూ ముందు నొక్కి, తర్వాత "ఏంటిది?" అని అడుగుతారు.

తొలికోత పెట్టెలు వెళ్లాయి. రెండో కోత రసాలను బావమరిది గడ్డిలో మాగవేసి ఆర్డర్ల కోసం కూర్చున్నాడు. ఒకరోజు ఫోన్ పట్టుకుని మా వరండాలోకి వచ్చాడు.

"బావగారూ, లింకు ఎంతమంది నొక్కారో చూడండి!"

"కొన్నదెంతమంది?"

"కొనడం తర్వాతండీ. ముందు జనం వస్తున్నారు కదా."

"గడ్డిలో కాయ ఆగుతుందా మరి?"

"ఇవన్నీ మీకు అర్థం కావులెండి."

మర్నాడు మైలవరం నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "ఏంటన్నయ్యా, ఇంకో రెండు పెట్టెలు తీసుకుందామని పెట్టె మీది లింకు కొడితే ఫారం మూసేశామంటోంది?"

నేనూ కొట్టి చూశాను. నిజమే. అడ్రసుల పని అయిపోగానే బావమరిది ఆ పాత ఫారం మూసేసి, ఆర్డర్లకు కొత్తది తయారుచేశాడు. పెట్టె మీది లింకు ఇంకా పాతదానికే పోతోంది. వచ్చినవాళ్లందరూ మూసిన తలుపు చూసి తిరిగిపోయినవాళ్లే. వాళ్లను లెక్కపెట్టి మురిసిపోయాడు ఈ మహానుభావుడు.

చెబితే తల పట్టుకున్నాడు. "పెట్టెలన్నీ మళ్లీ అచ్చు వేయించాలాండీ?"

"అక్కర్లేదు. పెట్టె మీద ఉన్నది పేరే. ఆ కంపెనీలో నీ ఖాతా తెరిచి, ఎక్కడికి పంపాలో మార్చు."

ఆ కంపెనీకి అతను కట్టిన డబ్బు ఆ సదుపాయానికే. అది ఉందని మాత్రం తెలియదు. కాఫీ చల్లారేలోపు మార్పు అయిపోయింది. సాయంత్రానికే ఆర్డర్లు మొదలయ్యాయి. చెట్ల మీద మిగిలిన కాయ పెట్టెలెక్కి ఇళ్లకు వెళ్లింది.

గడ్డిలోది అప్పటికే మెత్తబడి కారుతోంది. తాండ్ర పోసేవాళ్లు ఇచ్చినంతకు ఇచ్చేశాం. వాళ్ల ఆటోకు ఎక్కిస్తుంటే అతను ఫోటో తీయబోయాడు.

"ఆ ఫోన్ జేబులో పెట్టి, ముందు గంపకు చెయ్యి వెయ్యి" అన్నాను.