రాములు సమ్మక్కోవిచ్

మొన్న ఖమ్మం బస్టాండు ఎదుట పాలు లేని చాయ్ చెప్పి, జేబులోంచి బెల్లం ముక్క తీసి పంటి కింద పెట్టుకున్నాను. మొదటి గుక్కలో ఆ చేదూ ఆ తీపీ ఒక్కసారే నాలుక మీదికి రాగానే సాయిలు సార్ గుర్తొచ్చారు. ఆయన గురించి రాయాలనిపించింది గానీ, ముందే ఒక మాట ఒప్పుకోవాలి. నాకు గోరంతలు కొండంతలు చేసే జబ్బుంది. మా పిల్లి ఈనితే పులి ఈనిందని నాలుగు వీధులు చాటినవాణ్ణి. కాబట్టి ఎవరి తూకపురాళ్లు వాళ్లు దగ్గర పెట్టుకుని చదవండి.

ఎనభైలలో మా కాలేజీలో సాయంత్రం పూట రష్యన్ క్లాసు ఉండేది. భాష, చరిత్ర, సంస్కృతి అన్నీ కలిపి ఒక సర్టిఫికెట్. అన్నిటికీ కలిపి ఒక్క సాయిలు సార్. పూర్వాశ్రమంలో ఆయన బొగ్గుబాయి మీద, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పనిచేశారు. అక్కడికి యంత్రం బిగించడానికి రష్యా ఇంజనీర్లు వస్తే, వాళ్ల సామాన్లు మోస్తూ మోస్తూ భాషను కూడా మోసుకొచ్చేశారు. ఆ మోజు తగ్గక హైదరాబాద్ వెళ్లి డిప్లొమా తెచ్చుకున్నారు. రష్యా మాత్రం చూడలేదు. ఉత్తరాన ఆయన వెళ్లిన చిట్టచివరి ఊరు వరంగల్.

రష్యా వాళ్లు చక్కెర గడ్డ పంట పట్టి చాయ్ తాగుతారట. సార్ బెల్లం పట్టేవారు, పాఠం చెబుతూనే. దాంతో ప్రతి మాటా ఈల వేసుకుంటూ వచ్చేది. ఆ ఈల కూడా భాషలో భాగమే అనుకుని మేం పన్నెండు మందిమీ ఏడాదంతా శ్రద్ధగా బుసలు కొట్టాం. నేను మణుగూరు బస్సులో పాఠం వల్లిస్తుంటే, పక్కసీటు ముసలమ్మ పాము దూరిందని బస్సు ఆపించింది.

చరిత్ర పాఠంలో ఒక ఫ్రెంచి చక్రవర్తి సైన్యం మంచులో కూరుకుపోయే ఘట్టం వచ్చింది. మంచు ఎలా ఉంటుందో మాకు తెలియదు. సార్ మమ్మల్ని ఊరి బయట పత్తి మిల్లుకు తీసుకెళ్లారు. తాటిచెట్టంత పత్తి కుప్ప చూపించి, "గిదేరా మంచు. నడువుండ్రి జల్దీ! ఎనుకనుంచి శత్రువు తరుముతుండు," అన్నారు. మోకాళ్ల దాకా దిగబడుతూ, తుమ్ముతూ, తలా ఒక గంగాళం చెమట కార్చి రష్యా దాటాం. మిల్లు జమేదారు కర్ర పట్టుకుని నిజంగానే తరిమాడు. "సూసిండ్రా? చరిత్ర అంటే గిట్లుంటది," అన్నారు సార్, రొప్పుతూ.

రష్యాలో మనిషిని గౌరవంగా పిలవాలంటే పేరుకు తండ్రి పేరు కలిపి, చివర 'ఓవిచ్' తగిలించి పిలుస్తారు. మా హాజరు కూడా అలాగే సాగాలన్నారు సార్. దమ్మపేట రైతుబిడ్డ ప్రసాద్ 'ప్రసాద్ సుబ్బారావోవిచ్' అయ్యాడు. "మా నాన్న వింటే పొలం అమ్మేసి రష్యా పోతాడు సార్," అన్నాడు వాడు. అందరూ నవ్వారు. తర్వాత నా వంతు. నేను నోరు తెరవలేదు.

మా నాయన నా తొమ్మిదో ఏట ఇంకో ఆమెతో ఇంకో బొగ్గు ఊరికి వెళ్లిపోయాడు. ఆ పేరు ఇప్పుడు కూడా రాయను. క్లాసయ్యాక సార్ నన్ను ఆపారు.

"ఏందిరా, అయ్య పేరు మర్శినవా?"

"యాదికున్నది సార్. అనబుద్ధి కాదు."

సార్ బెల్లం ముక్కను ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చారు. "మరి సాదిందెవరు నిన్ను?"

"మా అమ్మ. సమ్మక్క."

మర్నాడు హాజరులో, రాజుగారిని పిలిచినట్టు పిలిచారు: "రాములు సమ్మక్కోవిచ్!"

మా అమ్మ ఎండాకాలం అడవిలో బీడీలు చుట్టే తునికాకు కోసేది, మిగతా నెలల్లో మణుగూరు కాలనీలో అంట్లు తోమేది. సెలవుల్లో ఇంటికెళ్లి ఈ సంగతి చెప్పినప్పుడు ఆకు కట్టలు కడుతోంది. "నా పేరుతోనా? మీ సారుకు ఏం పన్లేదారా!" అని విసుక్కుంది. కాసేపటికి చేతిలో కట్ట పక్కన పెట్టి, "ఇంకోపాలి అను," అంది.

ఏడాది చివర పరీక్ష చేయడానికి హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చింది. మాస్కోలో అయిదేళ్లు ఉండొచ్చిన మనిషి. ఆవిడ బాగుందని రాస్తే క్లాసు ఉంటుంది, లేకపోతే క్లాసూ పోతుంది, సారూ పోతారు. సార్ గోడ వారగా నిలబడవచ్చు గానీ పెదవి కదపకూడదని షరతు. మేడం మొదటి ప్రశ్నే, తండ్రి పేరుతో కలిపి నీ పేరు చెప్పు, అని. నేను లేచి, 'రాములు సమ్మక్కోవిచ్' అని అరిచాను. చూరు మీద పావురాలు లేచాయి. భద్రాచలం దాకా వినపడింది.

మేడం కళ్లద్దాలు తీసింది. "సమ్మక్క ఆడవాళ్ల పేరు కదా! రష్యాలో ఇలా ఎక్కడుంది?"

షరతు మరిచి సార్ ముందుకొచ్చారు. "రష్యాల లేదు మేడం. నాకెరుకే. ఖమ్మంల ఉన్నది."

ఆవిడ ఆ ప్రశ్నకు సున్నా వేసింది. మిగతావాటికి పాసు చేసింది. పరీక్షలో కల్పించుకున్నందుకు సార్ కాలేజీకి క్షమాపణ పత్రం రాసివ్వాల్సి వచ్చింది. క్లాసు మాత్రం బతికింది. నాలుగైదేళ్లకు ఆ దేశమే చీలిపోయినా, మా క్లాసు ఇంకో ఏడాది నడిచింది.

ఇక కల్పించింది ఏదో చెప్పాలి. పత్తి నిజం. జమేదారు కర్ర నిజం, మచ్చ చూపిస్తాను. పాము కూడా దాదాపు నిజమే. అబద్ధం ఒక్కటే: నేను అరవలేదు. లేచి నిలబడ్డాను, గొంతు పెగల్లేదు. రెండోసారి అడిగినా పెగల్లేదు. ఉద్యోగం పోతుందని తెలిసీ, గోడ వారనుంచి ఆ పేరు పలికింది సార్.

ఆ వారం ఇంటికెళితే అమ్మ అడిగింది, "పరీక్షల అన్నవారా?" అని. "అన్న," అన్నాను. అమ్మ కాలనీ అంతటికీ చెప్పుకుంది. తర్వాత సార్‌కు దండం పెట్టడానికి ఇప్పపూల మూటతో ఖమ్మం వచ్చి, ఆయన్నే అడిగింది. నేను తల దించుకుని మూటలో ఇప్పపూలు లెక్కపెట్టసాగాను. సార్ నా వైపు చూడను కూడా లేదు.

"అవ్ అక్కా," అన్నారు. "గట్టిగ అన్నడు. సూరు మీది పావురాలు లేసినయి. భద్రాచలం దాక ఇనవడ్డది."

కొండంతలు చేయడం నేను నేర్చుకున్నది అక్కడే. ఆ పావురాలు ఆయనవి. అమ్మ ఉన్నన్నాళ్లూ వాటిని ఎగరేస్తూనే ఉన్నాను. ఇప్పుడు అమ్మా లేదు, సారూ లేరు. ఆ రోజు పలకని పేరు ఈ కాగితం కింద సంతకం పెడుతున్నాను.

రాములు సమ్మక్కోవిచ్.