రెజ్యూమేలో లేని హిట్టైట్

హైదరాబాదులో రెండేళ్లు మా మాస్టారి దగ్గర హిట్టైట్ చదివాను. ఏనాడో మాసిపోయిన భాష. సింగపూర్ పంపించడానికి కన్సల్టెన్సీవాళ్లు రెజ్యూమేలో ఆ రెండేళ్లూ చెరిపేసి, వాటి బదులు నాకు లేని కోబాల్ ప్రోగ్రామింగ్ అనుభవం పెట్టారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వై-టు-కె హడావుడిలో అందరూ చేసే పనే. సంతకం పెట్టింది నేనే, ఎవర్ని తిట్టుకోను?

సింగపూర్‌లో యీషున్ ఫ్లాట్‌లో నాతో ఉండే ఇద్దరివీ అదే కన్సల్టెన్సీ ఇచ్చిన దొంగ సర్టిఫికెట్లే. ఒకడు దొరికితే ముగ్గురం తిరుగు విమానమెక్కాలి. ఆ వారమే ఆఫీసులో మళ్లీ సర్టిఫికెట్లు తవ్వడం మొదలుపెట్టారు. ఉద్యోగమంటే రోత, వదిలే దారి లేదు. కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను.

అప్పుడే మాస్టారు ఫోన్ చేశారు. జర్మనీ వెళ్తూ సింగపూర్‌లో ఒక్క పూట ఆగుతారట. అక్కడ హిట్టైట్ పరిశోధనకు నాకు సీటు సంపాదించారు. నేను ఫారం మీద సంతకం పెడితే మర్నాడు ఆయనే స్వయంగా అక్కడి యూనివర్సిటీలో ఇస్తారు. తర్వాత చప్పుడు చేయకుండా రాజీనామా ఇస్తే ఎవరికీ నష్టం లేదు. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు.

ఆయన వచ్చిన రోజు, మా ఆఫీసుండే రాఫెల్స్ ప్లేస్ దగ్గర, తిండి దుకాణాల హాకర్ సెంటర్‌లో కూర్చున్నాం. ఆయన ఫారం తీసి పెన్ను మూత విప్పారు. ఇంతలో మా మేనేజర్ ట్రే పట్టుకొచ్చి పక్కనే కూర్చున్నాడు. మన తెలుగువాడే.

"ఎవరయ్యా ఈ అంకుల్?"

"మా శిష్యుడండీ. రెండేళ్లు నా దగ్గరే..." అన్నారు మాస్టారు మురిపెంగా.

రెజ్యూమే ప్రకారం ఆ రెండేళ్లూ నేను కోబాల్ ఉద్యోగంలో ఉన్నాను. "కాదు సర్, ఈయన పొరబడ్డారు. టేబుల్ దొరక్కపోతే నేనే ఇక్కడ కూర్చోమన్నాను."

మాస్టారు నా వంక చూశారు. పెన్నుకు మూత పెట్టారు. "అవునండీ. మా వాడు అచ్చం ఈయనలాగే ఉంటాడు."

"ఏం చెబుతారు అంకుల్ మీరు?"

"హిట్టైట్ భాష."

మేనేజర్ నా వైపు తిరిగాడు. "నువ్వెప్పుడైనా విన్నావా?"

"లేదు సర్."

"ఆసక్తి ఉంటే చెబుతాను, వినండి," అన్నారు మాస్టారు. నాకే, మొదటి నుంచీ, కొత్తవాడికి చెప్పినట్టు చెప్పారు. ఇప్పటి టర్కీలో ఉండేవాళ్లనీ, మట్టిపలకల మీద రాసుకునేవాళ్లనీ. ఊళ్లకు ఊళ్లు జబ్బుతో పోతుంటే వాళ్ల రాజు దేవుళ్లకు మొర పెట్టుకున్నాడట, తప్పు చేసిన పనివాడు ఒప్పుకుంటే యజమాని క్షమిస్తాడు కదా అని. నేను తలూపుతూ విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇప్పుడదెవరికైనా వచ్చా అంకుల్?"

"ఒక కుర్రాడికి నేర్పానండీ. బాగా చదివేవాడు. మానేశాడు." ఫారం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"అయ్యో పాపం," అన్నాడు మేనేజర్. నేనూ అన్నాను.