గిరిపుష్పం కొమ్మలూ మా మామ రాయీ

మూఢనమ్మకాన్ని నరుకుదామని కత్తి ఎత్తి, అదే కత్తితో దానికి గుడి కట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఈ నాలుగు ముక్కలూ చదవండి. ఆ మహానుభావుణ్ణి నేనే.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కరీంనగర్‌లో చర్చావేదికల మీద అరిచి అరిచి నా గొంతు మొద్దుబారిన రంపంలా ఉండేది. ధర్మపురి దగ్గర మా మేనమామ మల్లయ్యకు మక్కచేను, అదే మొక్కజొన్న చేను, ఉంది. ఒక గట్టున మాత్రం గిరిపుష్పం చెట్లు, వాటి కింద పసుపు పూసిన రాయి. ఆ పక్క మక్క మిగతా చేనుకంటే పచ్చగా ఉండేది.

"అమ్మ సల్లని సూపు, అల్లుడా," అన్నాడు మామ.

"సూపు కాదు మామా. గా చెట్ల వేళ్లకు బుడిపెలుంటయి. అండ్ల సూక్ష్మజీవులు గాలిల నత్రజనిని పట్టి నేలకిస్తయి."

"గాలిని పడుతయా? వలేసా, గాలమేసా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వేదికలెక్కినవాణ్ణి, ఊరుకుంటానా?

"కొమ్మలన్నీ కొట్టేస్త. ఆకు లేకుంటే చెట్టు పని బందు. మక్క పాలిపోతది. అప్పుడు నీ రాయి పీకి మోరిల ఏద్దాం."

"పాలిపోకుంటే?"

"ఊరందరి ముంగట నేనే కొబ్బరికాయ కొడత."

"బొట్టు పెట్టుకొని?"

"పెట్టుకొనే."

మర్నాడే చెట్లన్నింటికీ గుండు కొట్టించినట్టు కొమ్మలు నరికేశాను. అరచేతుల్లో బొబ్బలు బూరెల్లా పొంగాయి. కొట్టిన కొమ్మలు మోపులు మోపులు. వాటిని మోసి అవతల పారేసే ఓపిక లేక మక్క సాళ్ల నడుమే పడేశాను.

"గా ఆకు తీసేయవా, బిడ్డా?" అంది అత్త.

"ఉండనీ అత్తా, దాంతోటి ఏమైతది?"

పాఠకులారా, ఈ ఒక్క మాటను నా సమాధి మీద చెక్కించండి.

వాన పడింది. ఆకు కుళ్లింది. మూడు వారాలకు ఆ పక్క మక్క నల్లబడేంత పచ్చగా తేలింది. పాలిపోయింది నా ముఖం ఒక్కటే. చెట్టు గాలిలోంచి పట్టిన నత్రజని బోలెడంత దాని ఆకులోనే ఉంటుందనీ, కొమ్మ కొడితే కింద సన్నవేళ్లు, బుడిపెలు కూడా చచ్చి నేలకే ఎరువవుతాయనీ ఆ తర్వాత పుస్తకం తెరిచి తెలుసుకున్నాను. వేదిక ఎక్కకముందు తెరవాల్సిన పుస్తకం. ఆపేశాననుకున్న భోజనాన్ని నేనే విస్తరేసి కొసరి కొసరి వడ్డించాను.

నుదుట రూపాయంత బొట్టుతో కాయ కొట్టాను. రెండుసార్లు జారి, మూడోసారి పగిలింది. ఆ చిప్పలు చేతిలో పట్టుకునే ఉపన్యాసం అందుకున్నాను. "ఇది అమ్మ మహిమ కాదు. కుళ్లిన ఆకు చేసిన పని."

మామ శ్రద్ధగా విన్నాడు. "నిజమే అల్లుడా. ఆకుతోనే అయింది. మరి మోసుడు శాతగాక ఆడనే పారేసినవు గదా, గా బద్దకం నీకెవలిచ్చిన్రు?"

జనం రాయికి దండం పెట్టారు. ఇద్దరు ముసలమ్మలు నాకూ పెట్టారు.

ఇప్పుడా రాయికి రేకుల కప్పుంది. ఏటా వానాకాలంలో ఊరంతా గిరిపుష్పం కొమ్మలు కొట్టి, రాయికి చూపించి, చేన్లో పరుస్తుంది. ఆకు ఎటు పోతుందో తెలియకుండా ఇక కత్తి పట్టనని నత్రజని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

మీ గట్టు మీది కొమ్మలు పొయ్యిలోకి పోతున్నాయా? ఆపండి. ఈ వానకే కొట్టి చేన్లో పరవండి. రాయికి మాత్రం చూపించకండి.