వాళ్ల నాయన చేతులు

పాకాల స్టేషన్లో రైలు కదిలిపోతుంటే, జామకాయలమ్మే ఆమె నాకివ్వాల్సిన చివరి కాయను కిటికీలోంచి విసిరింది. అది నేరుగా ఎదుటి సీటులోని పొడుగాటి మనిషి మీదికి వచ్చింది. అతను చేయి కూడా ఎత్తలేదు. కాయ మోకాలికి తగిలి కింద దొర్లింది.

"పట్టుకోకూడదా అప్పా?" అన్నాను.

అతను నవ్వాడు. మద్రాసులో ఒక కంపెనీ ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరట. వాళ్ల నాయనా గోల్‌కీపరే, చాలా పేరున్నవాడట.

"పట్టుకుంటే నాయన చేతులంటారు. వదిలేస్తే నాయన పేరు చెడగొట్టినాడంటారు. ఈడ నేనెవురో ఎవురికీ తెలీదు కదా, అందుకే హాయిగా వదిలేసినా."

నా పక్కనున్న పెద్దాయన ఊరుకోక, ఆ నాయన పేరేమిటని అడిగాడు. అతను తటపటాయించి చెప్పాడు.

"ఆయప్ప ఆట సూసినా నేను! ఆయన కొడుకువా? ఏదీ, పట్టు సూద్దాం!" అంటూ పెద్దాయన కింద పడిన కాయ తీసి బలంగా విసిరాడు.

అతని చేయి దానంతటదే లేచి పట్టేసింది.

"అచ్చం వాళ్ల నాయనే!" అన్నాడు పెద్దాయన. పెట్టెలో అందరం చప్పట్లు కొట్టాం.

అతను కాయను నా చేతిలో పెట్టి, కాట్పాడి దాకా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

వాళ్ల నాయన పేరు నాకిప్పటికీ గుర్తుంది. అతని పేరు మేమెవరమూ అడగలేదు.