ఓబులేసన్న కుడి చెవి

మధ్యాహ్నం మూడు గంటలప్పుడు క్లబ్బు క్లబ్బులా ఉండదు. రంగు లైట్లు ఉండవు, జనం ఉండరు, నేల తుడిచిన ఫినాయిల్ తడి ఇంకా ఆరి ఉండదు. ఆ సమయానికి వెళ్లి నేను యాంప్లిఫయర్లు ఆన్ చేస్తాను. అవి వేడెక్కే కొద్దీ లోపల పేరుకున్న దుమ్ము కమిలి సన్నటి వాసన వస్తుంది. నిన్న ఆ వాసన తగలగానే బెంగళూరులో నిలబడి ఉన్నదాన్ని కాస్తా పెనుకొండలో ఓబులేసన్న ఇంటి ముందు గదిలోకి వెళ్లిపోయాను. చప్పుడు బయటికి పోకుండా గోడలకు వేలాడేసిన పాత బొంతలు, కిటికీకి గోనెపట్టా, మధ్యలో ఒక కంప్యూటరు, దానికి ఆయుధపూజనాడు పెట్టిన కుంకుమ బొట్టు. ఈ డీజే పని ఎక్కడ నేర్చుకున్నారని అడిగేవాళ్లకు నేను ఆ గది గురించి చెబితే నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ అది నిజం.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేస్తారు. నేను డిగ్రీ హిందూపురంలో చదివాను, రోజూ పెనుకొండ మీదుగా ప్యాసింజరు రైల్లో వెళ్లి వచ్చేదాన్ని. రెండో ఏడు కాలేజీ వార్షికోత్సవానికి డీజే వస్తున్నాడంటే టోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్న కుర్రవాణ్ని ఊహించుకున్నాం. వచ్చిన మనిషికి నలభై దాటాయి. పొట్టిగా, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో, బ్యాంకుకు పని మీద వచ్చినట్టున్నాడు. పది నిమిషాల్లో మా మైదానమంతా దుమ్ము లేచిపోయింది. మా లైబ్రేరియన్ మేడమ్ కూడా కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. అంతలో ఒక పాట లోంచి ఇంకో పాటలోకి మారుస్తుండగా రెండు పాటల డప్పు దెబ్బలూ విడిపోయాయి. మగపిల్లలు ఈలలు వేసి ఎగతాళి మొదలుపెట్టారు. నాకు ఏమనిపించిందో, పరుగెత్తుకెళ్లి ఆయన పక్కన నిలబడి అరిచాను. "అన్నా, కొత్త పాట ముందరికి పోతాండాది, పట్టుకో!" ఆయన ఒక్క వేలు ఆనించి దాన్ని వెనక్కి లాగాడు. రెండూ కలిసిపోయాయి.

అంతా అయ్యాక వైర్లు చుట్టుకుంటూ నన్ను పిలిచాడు. "యా చెవితో విన్నావు పాపా?"

"రెండు చెవులతో అన్నా."

"అదృష్టవంతురాలివి," అని గట్టిగా నవ్వాడు. "రేపు పెనుకొండలో దిగు. ఇంట్లో మీ వదిన ఉంటాది, భయపడాకు."

మరుసటి రోజు రమణమ్మ వదిన పెట్టిన ఉగ్గాని, బజ్జీ తింటుండగా ఆ ప్రశ్నకు అర్థం తెలిసింది. ఈ పనికి రెండు చెవులు కావాలి. ఒకదాంతో జనం వింటున్న పాటను వినాలి, హెడ్‌ఫోన్ పెట్టిన రెండోదాంతో రాబోయే పాటను వినాలి. రెండూ ఒకే నడకలోకి వచ్చినప్పుడు కొత్త పాటకు తలుపు తెరవాలి. ఆయన కుడి చెవి పూర్తిగా పోయింది. వయసులో బెంగళూరు వెళ్లి, క్లబ్బుల్లో ఏళ్ల తరబడి స్పీకర్ల పక్కన నిలబడినందుకు దక్కిన బహుమానం అది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో దిగులు వెతికాను, దొరకలేదు. "ఒక చెవి బెంగళూరోళ్లకు ఇచ్చేసి, ఉన్నదాన్ని ఎత్తుకోని ఊరికొచ్చేసినా," అన్నాడు.

"ఇప్పుడు మిషన్లే కలుపుతాయి కదన్నా?"

"ఈ కాలం పాటలైతే కలుపుతాయి. పాతవి మనుషులు వాయించినవి పాపా. మనిషి కుశాలైతే ఉరుకుతాడు, అలిసిపోతే నిలబడతాడు. మిషనుకు అది యాడ తెలుస్తాది?"

అలా నేను ఆయన కుడి చెవినయ్యాను. కాలేజీ అయ్యాక పెనుకొండలో దిగడం, తర్వాతి రైలు వచ్చేదాకా ఆ బొంతల గదిలో కూర్చోవడం. పాటను విడదీయడం, గొంతును పక్కన పెట్టి డప్పు ఒక్కదాన్నే నడిపించడం, ఎక్కడ ఆపితే జనం ఊపిరి బిగబడతారో పసిగట్టడం నేర్చుకున్నాను. ఒకసారి నా తెలివికి నేనే మురిసిపోయి, మా ఇంటి మగ్గం చప్పుడు ఫోన్లో రికార్డు చేసి, దాని మీద పాట కట్టి తీసుకెళ్లాను. మెచ్చుకుంటాడని ఎదురుచూశాను. ఎడమ చెవి ఆనించి ఓపిగ్గా విన్నాడు. "బాగుండాది. కానీ ధర్మవరంలో దీన్ని ఎయ్యాకు. పొద్దంతా ఆ సప్పుడే విని విని, దాన్ని మరిచిపోయేకి వస్తారు చిందేసి ఎగిరేకి. మళ్లీ మగ్గం మీద కూచోబెడతావా?" నేను ఆ పాటను అక్కడికక్కడే చెరిపేశాను. ఎవరి కోసం పాట కడుతున్నామో ముందు చూసుకోవాలని ఆ రోజే తెలిసింది.

తన రీమిక్సుల మీద ఆయన ఎప్పుడూ పేరు పెట్టుకోలేదు. అవి ఫోన్ల నుంచి ఫోన్లకు పాకి ఎక్కడెక్కడో తిరిగేవి. హిందూపురంలో నేనెక్కిన ఆటోలో ఒకసారి ఆయన పాటే మోగుతోంది. ఎవరిదని అడిగితే, "ఎవరు చేసినారో తెల్దక్కా, పొద్దున్నుంచి నాలుగు తూర్లు ఏసినా," అన్నాడు ఆటో అతను. నాకు ఒళ్లు మండిపోయింది. పెనుకొండకు వెళ్లి చెబితే ఓబులేసన్న చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు. ఆ మనిషి తలూపుతున్నాడా, చేత్తో కొడుతున్నాడా అని అడిగి తెలుసుకున్నాడు. తర్వాత ఒక్కసారిగా నిదానించి అన్నాడు. "నువ్వు మాత్రం పేరు పెట్టాల."

"నువ్వు పెట్టుకోవు కదన్నా?"

"పేరు లేకుంటే మీసమున్నోడే చేసినాడనుకుంటారు. నువ్వని తెలియాల."

నేను పెనుకొండలో దిగుతున్న సంగతి రైల్లో చూసిన ఎవరో ఇంట్లో చెప్పారు. నాయన మగ్గం ఆపి, "సదువుకునేకి పోతాండావనుకుంటి," అని మాత్రం అన్నారు. ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది. రెండు రోజులకు ఓబులేసన్న వదినను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నాయన కూర్చోమని కూడా అనకుండా అడిగారు. "ఏమప్పా, నా బిడ్డ నలుగురి ముందర ఎగరాల్నా?"

"ఎగిరేది కాదన్నా, ఎగిరించేది. ఇంకొక మాట, ఈ పక్క నాకు వినపడదు. తిట్టేదుంటే ఆ పక్కకు రా."

నాయనకు నవ్వాగలేదు. ఒక పెళ్లికి తానే వచ్చి చూస్తానని, చూశాక చెబుతానని అన్నారు.

ఆ పెళ్లి ధర్మవరంలోనే. పొద్దున పూట ఊరేగింపు. ఓబులేసన్న నన్ను స్పీకర్లు కట్టిన బండి మీద ఒంటరిగా నిలబెట్టి, ఎదురుగా ఉన్న టీ అంగట్లో వదినతో కలిసి కూర్చున్నాడు. నేను గొప్పకు పోయి, కొత్తగా చేసిన వేగమైన పాట వేశాను. కుర్రాళ్లు కాసేపు గంతులేసి, ఎండకు రొప్పుతూ ఆగిపోయారు. ఆడవాళ్లు నీడకు జరిగారు. పెళ్లికొడుకు అవ్వ ఒక అరుగు మీద చతికిలబడింది. బండి ముందు రోడ్డు ఖాళీ. జనంలో నాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. టీ అంగడి వైపు చూశాను. ఓబులేసన్న వినపడని చెవి మా వైపు పెట్టి, గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు, తల తిప్పడే! ఏడుపొచ్చింది. తల దించుకున్నాను. అప్పుడు కనిపించింది, అరుగు మీది అవ్వ కాలి బొటనవేలు. అది మెల్లగా కదులుతోంది, నా పాటతో కాదు, తన లోపలి పాటతో. నేను గొంతు తీసేశాను, వాద్యాలు తీసేశాను, డప్పు ఒక్కటే మిగిల్చి దాన్ని తగ్గించుకుంటూ, తగ్గించుకుంటూ ఆ బొటనవేలి దగ్గరికి చేరుకున్నాను. అవ్వ కొంగు బిగించి లేచింది. ఆమె వెనకాలే ఆడవాళ్లందరూ వచ్చారు. మళ్లీ చూసేసరికి నాయన చేతులు విడిపోయి, ఒక చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. ఇంటికి వెళ్తూ నాయన అన్నది ఒకటే మాట. "ఆ అవ్వ కోసం తగ్గించినావు సూడు, అది బాగుండాది."

ఓబులేసన్నతో మాత్రం పోట్లాడాను. "నేనీడ సస్తాంటే నువ్వు టీ తాగుతాండావా?" వదిన అంది, "యాడ తాగినాడు? ఆ గ్లాసు అట్లే పట్టుకోని కూచున్నాడు. మీగడ కట్టిపాయె."

ఆ పెళ్లి డప్పుతోనే ఒక రీమిక్సు చేసి, 'ధర్మవరం సునంద' అని నా పేరు పెట్టాను. ఆ పేరు చూసే బెంగళూరు నుంచి ఒక క్లబ్బువాళ్లు పిలిచారు. నేను వెళ్లనన్నాను. నేను లేకుంటే ఆయన పని ఎలా సాగుతుంది? ఓబులేసన్నకు మొదటిసారి కోపం వచ్చింది. "ఇంట్లో కూచోని పాటలు చేసేకి ఒక చెవి చాలు నాకు. నువ్వు పో." బస్సెక్కేటప్పుడు చెవుల్లో పెట్టుకునే రబ్బరు బిరడాలు నా చేతిలో పెట్టాడు. "ఇవి లేకుండా నిలబడినావంటే, వచ్చి మొత్తుతా."

చెప్పినట్టే వచ్చాడు, ఒక ఆదివారం సాయంత్రం, వదినతో కలిసి. ముందు నా చెవులు చూసి, తర్వాత గోడ పక్కన నిలబడ్డాడు. కాసేపటికి వదిన ఆయన చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాగింది. ఇన్నేళ్లు ఊళ్లకు ఊళ్లను ఎగిరించిన మనిషికి ఎగరడం రాదని నాకు ఆ రోజే తెలిసింది. ఎప్పుడూ బల్ల వెనకే ఉన్నాడు కదా! ఒక అడుగు ముందు, ఒకటి వెనక, దేనికీ పొంతన లేదు. నేను పాటను మెల్లగా తగ్గించి, ఆయన అడుగు పడే చోటే దెబ్బ పడేలా పట్టుకున్నాను. ఆయన కనిపెట్టలేదు. "సూడు, నాకూ వస్తాండాది!" అని వదినతో అరవడం చెవుల్లో బిరడాలున్నా నాకు వినిపించింది.

ఆయన ఇప్పటికీ పెనుకొండలోనే పాటలు కడుతున్నాడు. నేను మాత్రం, ఎంత పెద్ద క్లబ్బయినా, మొదటి పాట వేసే ముందు గోడకు ఆనుకుని నిలబడినవాళ్ల కోసం వెతుకుతాను. మధ్యలో ఉన్నవాళ్లు ఎలాగూ ఎగురుతారు. నిన్న సాయంత్రం కూడా అలాంటి ఒకావిడ వచ్చింది. చాలాసేపు 'నాకు రాదు' అన్నట్టు చెయ్యి ఊపుతూ నిలబడి, చివరికి చేతిసంచీ పక్కవాళ్లకిచ్చి ముందుకు నడిచింది.