వదిన లాప్‌టాప్ తాళం

మా ఆయన ఈ కథ చెప్పే తీరు వేరు. ఏ పెళ్లిలోనో గృహప్రవేశంలోనో భోజనాల దగ్గర ఎవరైనా లాప్‌టాప్ కొనాలన్న మాట ఎత్తితే చాలు, మొదలుపెడతాడు. "కొనుండ్రి గని మా ఇంటామెను మాత్రం తోల్కపోకుండ్రి. మా అక్కకు కొనిస్త అని పోయి, ప్యారడైజ్ కాడ దుకాణపాయనను పొద్దంత సతాయించింది. మా అక్క పాపం నోరు మూస్కొని కూసున్నది. ఆఖర్కి ఏం దెచ్చిండ్రు? వేలు పెడితే తెరుసుకోని డబ్బా!"

అందరూ నవ్వుతారు. నేను ఏదో వడ్డించే పనిలో ఉన్నట్టు లేచి వెళ్తాను. ఆ కథలో ప్యారడైజ్ చౌరస్తా తప్ప ఇంకేదీ నిజం కాదు. వదిన నోరు మూసుకుని కూర్చోలేదు. లాప్‌టాప్ ఎంచింది నేను కాదు. అది పాడవలేదు కూడా. ఇన్నాళ్లూ ఈ నిందలన్నీ ఎందుకు మోశానో చెప్పాలని ఇది రాస్తున్నాను. గుట్టు బయటపడుతుందన్న భయం లేదు. మా ఇంట్లో నేను రాసినవి చదివే ఓపిక ఎవరికీ లేదు, వదినకు తప్ప.

వదిన అంటే మా ఆయన అక్క. రైల్వే ఆఫీసులో పనిచేసి రిటైరైంది. భర్త చిన్న వయసులోనే పోతే పుట్టింటికి వచ్చేసింది. నేను కోడలిగా ఈ మెట్టుగూడ ఇంట్లో అడుగుపెట్టేనాటికే ఇల్లు ఆమె మీద ఆనుకుని ఉంది. మావాళ్లు గుంటూరు వైపు నుంచి వచ్చి తిరుమలగిరిలో స్థిరపడినవాళ్లు. నా "అండీ"లు విని ఆమె మొదటిరోజే, "ఏందే, ఇంటర్వ్యూకు వచ్చినట్టు మాట్లాడుతున్నవ్?" అంది. అప్పటి నుంచి మా ఇద్దరికీ ఏదో ఒక దాని మీద వాదన. పప్పులో చింతపండు ఎంత వెయ్యాలి, ఫ్యాను ఎంత జోరుగా తిరగాలి, వాన వస్తుందా రాదా. ఏ రోజైనా ఆమె వాదించకపోతే ఒంట్లో బాగాలేదేమోనని నుదురు ముట్టుకుని చూస్తాను.

మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉంది. ఏ వస్తువూ ఒకరిది కాదు. బీరువా తాళంచెవి హాల్లో క్యాలెండరు పక్కన మేకుకు వేలాడుతుంది. ఎవరి ఫోను మోగినా దగ్గరున్నవాళ్లు ఎత్తుతారు. ఎవరికి మెసేజ్ వచ్చినా పైకి చదువుతారు. ఇదంతా ప్రేమే, నేను కాదనను. నాకు ఆపరేషన్ అయినప్పుడు నేను అడగకుండానే నా పనులన్నీ జరిగిపోయాయంటే ఈ పద్ధతి వల్లే. కానీ నాకు కాలేజీ ఉంది, స్టాఫ్ రూములో నా పేరు రాసిన సొరుగు ఉంది. వదిన రిటైరైన రోజున ఆమె సొరుగు ఆఫీసులోనే ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం వదిన గోంగూర ఒలుస్తూ, నా వైపు చూడకుండా అంది: "నేను జెర రాసుకోవాలనుకుంటున్ననే. ఎవ్వలు జూడొద్దు."

"మంచి నోటుబుక్కు తెస్తాను వదినా."

"నోటుబుక్కా? మీ అత్త నా దిండు కింద మందుల చీటీలు సుత తీసి చదువుతది. నాకు తాళం ఉన్నది గావాలె. ఆఫీసుల కంప్యూటర్ మీద రాసిన చెయ్యి నాది, అదైతే మంచిది."

ఏం రాస్తారని అడగబోయి నాలుక కరుచుకున్నాను. నాకు అది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్లకు తెలుసు. ఆ ఇంట్లో ఆమెకంటూ ఒక్క చోటు, ఎవరూ తెరవనిది. ఆమె అడిగింది అంతే.

నేను ఫిజిక్సు చెప్పేదాన్ని కాబట్టి యంత్రాల విషయం నాకే తెలుసని నా నమ్మకం. దొరికినదల్లా చదువుకుని, ఆమెను వెంటబెట్టుకుని బయలుదేరాను.

దుకాణంలో మాకు చూపించినాయన ముప్పై ఏళ్ల మనిషి, సన్నగా దిద్దిన గడ్డం, మర్యాదస్తుడు. వదిన చెయ్యి నేరుగా అన్నిటికన్నా పల్చటిదాని మీదికి పోయింది. బూడిదరంగు, మా ఇంట్లో పూజపళ్లెం అంత మందం. ఆమె దాన్ని ఒక అరచేతిలో నిలబెట్టుకుని బరువు చూసింది. నేను తీసుకుని, చెంబు కొనేటప్పుడు అడుగు తట్టి చూసినట్టు తట్టి చూశాను. కీబోర్డు నడిమధ్య వేలితో నొక్కితే ఎక్కడ కుంగుతుందో చూశాను. మూత ఒంటివేలితో లేస్తుందా, లేచాక ఊగుతుందా చూశాను. అడుగున గాలి పోయే కంతలు చూసి, "పరుపు మీద పెట్టుకుంటే ఇవి మూసుకుపోయి సెగలు కక్కుతుంది" అని చెప్పాను. ఇంతవరకు ఎవరినీ సతాయించలేదని గమనించగలరు.

"ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా?" అని అడిగాను.

"రాదు మేడమ్. బోర్డుకే టంకం పెట్టేసి వస్తది."

"అంటే ఇప్పుడున్నదే జీవితాంతం?"

"అంతే మేడమ్."

"రేపు అది చాలకపోతే?"

"కొత్తది తీసుకుంటరు మేడమ్."

"కొత్తది అమ్ముకోవడానికే అతికించారన్నమాట."

"నేను అతికించలే మేడమ్."

వదిన పకపకా నవ్వింది. దుకాణపాయన పక్షం చేరిపోయిందని నాకు అప్పుడే అర్థం కావలసింది.

పక్కనే లావుపాటిది ఒకటి ఉంది. నా ఓటు దానికే. అడుగు పలక తీస్తే ర్యామ్ ఇంకోటి గుచ్చుకోవడానికి ఖాళీ చోటుంది, రెండో డిస్కు పెట్టుకోవచ్చు, బ్యాటరీ చచ్చిపోతే మన పేటలోనే మార్పించుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌కూ టీవీ తీగకూ పక్కన నోళ్లున్నాయి. పల్చటిదానికి ఉన్నవల్లా రెండు చిన్న కంతలు, ఏది తగిలించాలన్నా మధ్యలో ఇంకో ముక్క కొనాలి. ఇదంతా నేను క్లాసులో చెప్పినట్టు వివరంగా చెప్పాను. వదిన విని, లావుదాన్ని ఎత్తి, మళ్లీ దింపేసింది.

"ఇటుక లెక్కున్నది. సరే గని, దీన్ని ఎవలన్న విప్పొచ్చా?"

"మరలు తీస్తే వచ్చేస్తుంది వదినా. అదే దాని గొప్ప."

"మన ఇంట్ల మరలు విప్పెటోళ్లు తక్కువున్నరా?"

మా ఆయన విప్పని వస్తువు మా ఇంట్లో లేదు. మిక్సీ, రేడియో, ఇస్త్రీపెట్టె. బిగించాక ఒక మర ఎప్పుడూ మిగిలిపోతుంది. అవన్నీ ఒక మందుసీసాలో దాచి ఉంచుతాడు.

ఇక భద్రత సంగతి. పల్చటిదానికి కెమెరా మీద చిన్న రెప్ప ఉంది, వేలితో జరిపితే మూసుకుంటుంది. వదిన దాన్ని అటూ ఇటూ జరిపి, "దీనికున్న బుద్ధి మనోళ్లకు లేకపాయె" అంది. ఆన్ చేసే బొత్తాంలోనే వేలిముద్ర చదివే కన్ను ఉంది. పిన్ను నంబరు వేరే పెట్టుకోవాలి. లోపల ఇంకో చిప్పు ఉంటుందనీ, డిస్కు మీద రాసినదంతా దాని తాళంలోనే ఉంటుందనీ, డిస్కు పీకి వేరేదానికి తగిలించినా అక్షరం చదవలేరనీ ఆయన చెప్పాడు.

"పిన్ను మర్చిపోతే?" అన్నాను.

"రికవరీ కీ అని ఒక పెద్ద నంబర్ ఇస్తది మేడమ్. జాగ్రత్తగ పెట్టుకోవాలె. అది సుత పోతే లోపల ఉన్నది పోయినట్టే. మా సర్వీసోళ్లు గూడ ఏం చెయ్యలేరు."

నాకు కావలసింది దొరికింది. "విన్నారా వదినా? ఒక నంబరు పోతే మీరు రాసుకున్నది మీకే దక్కదు. ఇదేం భద్రత?"

వదిన నన్ను చేత్తో పక్కకు జరిపి, బల్ల మీదికి వంగింది. "మీరు సుత తెరవలేరా?"

"లేం మేడమ్."

"తయారు చేసినోళ్లు?"

"వాళ్లు గూడ కాదు మేడమ్."

"గదే గావాలె నాకు."

నేను దాని తప్పులని ఒక్కొక్కటి లెక్క కడుతున్నవన్నీ ఆమెకు సుగుణాలు. విప్పలేరు, పెంచలేరు, మర్చిపోతే తెరవలేరు. నేను వాదించాను, ఓడిపోయాను. ఒక్కచోట మాత్రం నెగ్గాను. తర్వాత పెరగని ర్యామ్ అయినప్పుడు మొదట్లోనే రెట్టింపు ఉన్నది తీసుకోవాలని పట్టుబట్టాను. ఆమె ఒప్పుకుంది, "నీ మాట గూడ ఒక్కటి ఉండనియ్యి, లేకపోతే ఆటోల నా తల తింటవు" అని.

ఆ సాయంత్రం ఇంట్లో మా అమ్మాయి దాన్ని సిద్ధం చేసింది. పిన్ను కొట్టేటప్పుడు వదిన కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆమె వేలు పెట్టింది. అంతవరకు సవ్యంగానే ఉంది. అప్పుడు మా అమ్మాయి యథాలాపంగా వదినతో, "ఇంకా వేళ్లు పెట్టొచ్చు అత్తమ్మా, చోటుంది" అంది.

మా అత్తగారు వెంటనే ముందుకు వచ్చింది. "నాది సుత పెట్టు బిడ్డ."

తీర్థానికి చెయ్యి చాపినట్టు వరసగా అందరూ వేళ్లు చాపారు. మా అత్తగారు, మా ఆయన, మా అమ్మాయి. మౌలాలి నుంచి ఏదో పని మీద వచ్చిన మా మరిది కూడా, చెప్పులు విప్పి మరీ వచ్చి, వేలు పెట్టాడు. కొత్త వస్తువు వస్తే అందరూ తాకాలి. మా ఇంట్లో ప్రేమ చూపించే తీరు అది.

"ఇది వదిన తాళం. అందరి వేళ్లూ పెడితే ఇంక తాళం ఎందుకు?" అన్నాను.

"ఇంటోళ్లకు తాళమేందే? తాళం దొంగలకు గదా" అంది మా అత్తగారు.

"అక్కకు లేని తక్లీఫ్ నీకేంది?" అన్నాడు మా ఆయన.

నేను వదిన వైపు చూశాను. ఒక్క మాట అంటే చాలు, ఆమె వెనక నిలబడి ఊరంతటితో కొట్లాడతాను. ఆమె చిరునవ్వు నవ్వి, "పెట్టుకోనియ్యే, ఏమైతది" అంది. నాకు వాళ్ల మీద కన్నా ఆమె మీదే ఒళ్లు మండింది. నా వేలు పెట్టమంటే పెట్టలేదు. ఆ పూట ఆమెతో మాట్లాడలేదు. అన్నం వడ్డించి, కూర ఆమెకు అందనంత దూరంగా పెట్టాను.

మర్నాడు శుక్రవారం. మా అత్తగారు తలస్నానం చేసి, గ్యాసుబండకూ కుక్కరుకూ స్కూటరుకూ పెట్టినట్టే లాప్‌టాప్‌కూ గంధం, కుంకుమ పెట్టింది. బొట్టుకు నుదురు ఏదని చూసి, మూలన ఉన్న ఆ బొత్తామే తగినదని తేల్చుకుని, చిక్కటి గంధం దాని మీదే అద్ది, పైన కుంకుమ పెట్టింది. హారతి ఇచ్చింది. అందరం కళ్లకద్దుకున్నాం.

ఆ తర్వాత అది ఎవరి వేలూ తీసుకోలేదు. మా అమ్మాయి పెట్టింది, రాలేదు. మా ఆయన కండువా అంచుతో తుడిచి పెట్టాడు, గంధం ఇంకా లోపలికి పోయింది. "ఖరాబ్ మాల్ అంటగట్టిండు" అని నా వైపు చూసి, మరలు విప్పే పుల్ల తీసుకొచ్చాడు.

వదిన దాన్ని ఆయన చేతుల్లోంచి లాక్కుంది. "దీన్ని విప్పరాదని దుకాణపాయన చెప్పిండు. ఉండనియ్యి, నేను నంబర్ కొట్టుకుంట తియ్."

మధ్యాహ్నం మా అత్తగారు నడుం వాల్చాక, వదిన తన గదిలోంచి పిలిచింది. "ఇట్ల రా. తలుపు ఎయ్యి."

దూది, స్పిరిట్ సీసా పక్కన ఉన్నాయి. బొత్తాం తళతళలాడుతోంది. తెర మీద వేలిముద్రల పేజీ తెరిచి ఉంది. అందరివీ తీసేసి, తనది ఒక్కటే మళ్లీ పెట్టుకుంది.

"ఇది పాడవలేదా?"

"పాడైందని మీ ఆయన అన్నడు గదా. పెద్దమనిషి, మనం కాదంటమా?" అని నా చెయ్యి పట్టుకుంది. "నీ వేలియ్యి."

"నాదా?"

"లొల్లి చెయ్యకు. పెట్టు. ఎత్తు. మల్ల పెట్టు. జెర మెల్లగ, అది నీ మొగుడు కాదు."

అది నా వేలు తీసుకుంది.

అప్పటి నుంచి ఆ వేలి తాళం చెడిపోయిందని ఇల్లంతా నమ్ముతోంది. చెడిపోయినది తెచ్చిన అపకీర్తి నాది. నేను కాదన్న మరుక్షణం ఎవరో ఒకరు వేలు చాపుతూ వస్తారు, అందుకే భోజనాల దగ్గర లేచి వెళ్తాను.

వదిన రోజూ మధ్యాహ్నం రాసుకుంటుంది. తలుపు సందులోంచి మీటల టకటక వినిపిస్తుంది. ఒక్కోసారి ఒక్కతే నవ్వుకుంటుంది. ఒక్కోసారి ముక్కు ఎర్రగా చేసుకుని బయటికి వచ్చి, టీ చల్లారిందని నా మీద విరుచుకుపడుతుంది. నేను కూడా గట్టిగానే అందుకుంటాను.

నా వేలెందుకని అప్పుడే అడిగాను. "ఒక్కోపాలి నా వేలు తీస్కుంటలేదే" అంది. పిన్ను ఉండగా అదేం కారణమని వాదించాను. "నీకు నోరే పెద్దది, వేలు సన్నగున్నది. గా బటన్‌కు సరిగ్గ సరిపోతది" అని నవ్వేసింది.

ఆమె మౌలాలి వెళ్లి నాలుగు రోజులు ఉంటే, అది అల్మారాలో నూలుచీరల కింద ఉంటుంది. దుమ్ము దులిపేటప్పుడు ఎత్తుతాను, తుడుస్తాను, మళ్లీ అక్కడే పెడతాను. మూత ఎత్తలేదు. ఈ మాట మా ఇంట్లో ఎవరితో చెప్పినా నమ్మరు.

వదినా, మీరు ఇది చదువుతారు కాబట్టి ఇక్కడే నిలదీస్తున్నాను. వేలు సన్నం అన్న జవాబు చెల్లదు. మీరు లేనప్పుడు తెరిచి చదవాలనే నా వేలు పెట్టించుకున్నారా, లేక నేను తెరవనని తెలిసే పెట్టించుకున్నారా?