గూడ్సు వెళ్ళాక అందించని మాట

ఈ ఉదయం పెరటి గుమ్మంలో కూర్చుని మెంతికూర గిల్లుతుంటే వదిన ఫోను చేసింది. వదిన అంటే మా మేనత్త కూతురు. పెళ్ళయి విశాఖపట్నం వెళ్ళకముందు ఈ బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనే, మాకు రెండు క్వార్టర్ల అవతల ఉండేది. ఎప్పటిలాగే తను చాలాసేపు చెప్పింది, ఎప్పటిలాగే నేను అచ్ఛా, అచ్ఛా అన్నాను. ఈ అచ్ఛా ఎంత మంచి మాటో. అవతలివాళ్ళకి ఏమీ ఇవ్వకుండానే అంతా పుచ్చుకోవచ్చు.

రైలుపట్టాల పక్కన పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, మా ఇళ్ళలో మాటకొక పద్ధతి ఉండేది. బొగ్గు గూడ్సు వస్తే వంటింట్లో గిన్నెలే అదిరేవి, ఇక మాటేం వినిపిస్తుంది; అందుకని చెప్పేవాళ్ళు ఉన్నచోటే ఆగిపోయేవారు, ఆఖరున గార్డు డబ్బా దాటి మోత సన్నగిల్లాక, వినేవాళ్ళు ఆ తెగిన మాటను తిరిగి అందించాలి. నాయనమ్మ "మాయమ్మ నన్ను కొట్టీసి" దగ్గర ఆగితే, గూడ్సు పోయాక మేం "కొట్టీసి?" అనాలి. అందించలేకపోతే విననట్టే లెక్క. "సెవులు రైలెక్కీసినాయేటి?" అని ఆవిడ అటు తిరిగిపోయేది, మరి చెప్పేది కాదు.

ఆ పని అందరికన్నా చక్కగా చేసేది వదినే. నాలాంటి నోరులేని పిల్ల సణిగిన ముక్కను కూడా అంత పొడుగు గూడ్సు తర్వాత భద్రంగా తెచ్చి నా చేతిలో పెట్టేది. నన్నలా విన్నవాళ్ళు మరొకరు లేరు. అందుకే తనకొక్కదానికే చెప్పాను, ఎవరితో మాట్లాడాలన్నా ముందు ఆ వాక్యం పెదవులు కదుపుతూ లోపల అనుకుని చూసుకుంటానని, కొట్టులో ధనియాలు అడగాలన్నా దారంతా అనుకుంటూ నడుస్తానని. అప్పుడు తను నవ్వలేదు.

నవ్వింది తన నిశ్చితార్థం నాడు. మగపెళ్ళివారి ముందు నేను టీ పళ్ళెంతో నిలబడితే, "ఆగండి, మాట ఇంకా లోపల ఉడుకుతోంది" అని, నాలాగే మెడ వంచి, పెదాలు కదిపి, గుటకలు మింగి, చివరికి పీలగొంతుతో "టీ తాగుతారేటి?" అని చూపించింది. గదంతా నవ్వింది. నాయనమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పెళ్ళికొడుకు తల్లి మళ్ళీ చెయ్యమంటే, మళ్ళీ చేసింది.

అప్పటినుంచి తనకు నా దగ్గర అచ్ఛా తప్ప మరేమీ దొరకలేదు. కోపం చూపిస్తే కారణం అడుగుతుంది, అడిగితే మాటలవుతాయి, అంత భాగ్యం తనకెందుకు? ఇప్పుడు అత్తవారింట్లో తనతో కూరేం వండాలన్న మాట తప్ప మాట్లాడేవాళ్ళు లేరట. ఆనాడు మళ్ళీ చెయ్యమన్న అత్తగారే ఇప్పుడు వచ్చిన చుట్టాలకు వదిన బిలాస్‌పూర్ తెలుగును అనుకరించి వినిపిస్తోందట. ఆ సంగతి విన్న రోజే దాన్ని డైరీలో మంచి దస్తూరీతో రాసుకున్నాను.

ఇవాళ కూడా అవన్నీ చెప్పి, "నీకు తప్ప ఎవరికి సెప్పుకుంటానే" అంది. తర్వాత నెమ్మదిగా, "ఒలే, ఆ రోజు అందరి ముందూ నిన్ను నేను" అంటుండగా గూడ్సు వచ్చింది. మోత ఫోనులో తనకీ వినిపించినట్టుంది, ఆగిపోయింది. ఎక్కడో సముద్రం పక్కన ఉండి కూడా ఆ పద్ధతి మరచిపోలేదు. మెంతికాడ చేతిలో పట్టుకుని బొగ్గు డబ్బాలు వెళ్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఆఖరిది దాటింది, గిన్నెలు కుదుటపడ్డాయి. అటునుంచి ఊపిరి మాత్రం వినిపిస్తోంది. అందించవలసిన మాట నాకు తెలుసు. "నిన్ను నేను?" అంటే చాలు. లోపల అనుకుని చూసుకున్నాను కూడా, ఎంత బాగా వచ్చిందో.

"అచ్ఛా" అన్నాను.

"ఏటీ లేదులే, పొయ్యి మీద కూరుంది" అని తనే పెట్టేసింది.

ఇప్పుడు గూడ్సులు మునుపటికంటే పొడుగ్గా వస్తున్నాయి. అవి పోయేదాకా కాలనీలో ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటున్నారు, మాట ఎక్కడ తెగిందో ఎవరికీ పట్టడం లేదు. నాయనమ్మ పోయింది. తెగిన మాటను అందించడం తెలిసినవాళ్ళం మా ఇంట్లో బహుశా మేమిద్దరమే మిగిలాం. తనను ఆ "నేను" దగ్గరే ఇంకొన్నాళ్ళు ఆగి ఉండనీ.